సుశీల వ్యాసానికి తాళం వేసింది నేనే

ఈ బరువు మోయడం నాకు అలవాటైపోయింది. అలవాటైనంత మాత్రాన తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

తొంభైలలో ఆత్మకూరు కాలేజీలో పాఠాలు చెబుతూ, కొందరం కలిసి నడిపే చిన్న సైన్సు పత్రికకు సంపాదకుడిగా ఉండేవాణ్ణి. అడిగినవాళ్లకు ఊరికే ఇచ్చేవాళ్లం. ఎవరైనా జిరాక్సు తీసుకోవచ్చు. ఉదయగిరిలో టీచరుగా ఉన్న సుశీల అందులో ఒక వ్యాసం రాసింది. మా ఊరి పిల్లే, చిన్నప్పటి నుంచీ నన్ను అన్నా అనేది. చుట్టుపక్కల ఏ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందో, ఏ నీళ్లు తాగొచ్చో పరీక్షలు చేయించి మరీ రాసింది. ఆ నీళ్లు తాగే ఆమె తమ్ముడికి నడుము వంగిపోయింది.

తర్వాత ఒక విదేశీ ప్రచురణ సంస్థ మనిషి మద్రాసు నుంచి వచ్చాడు. హక్కులన్నీ తమకిస్తే పత్రికను దేశదేశాల లైబ్రరీలకు చందాకు పంపుతామన్నాడు. అట్ట మీద నా పేరుంటుందన్నాడు. పాత సంచికలు ఇక్కడివాళ్లకు ఉచితంగా ఉండాలంటే ఒప్పందంలో ఒక మాట రాయిస్తానని కూడా అతనే అన్నాడు. హక్కులన్నీ రాసిచ్చి సంతకం పెట్టాను. ఆ మాట మాత్రం అక్కర్లేదన్నాను. ఎందుకన్నాను? ఊరికే దొరికేదానికి విలువుండదనా? రాయించమంటే అతని పైవాళ్లు వెనక్కి తగ్గుతారనా? ఎన్ని కారణాలు వెతుక్కున్నా, చివరికి కనిపించేది అట్ట మీది నా పేరే.

ఆ ఎండాకాలం సుశీల బస్సెక్కి వచ్చింది.

"అన్నా, నా వ్యాసం జిరాక్సులు తీసి ఊళ్లల్లో పంచుదామనుకున్నా. తీయగూడదని కంపెనీవాళ్లు చెప్పినారంట గదా?"

"అవునమ్మా. తీస్తే కేసు పెడతారు."

"నేను రాసింది నేనే పంచేదానికి లేదా? నువ్వన్నా అడగలేకపోయినావా?"

"అడిగినాను. వాళ్లు ఒప్పుకోలా."

"నువ్వు మాత్రం ఏం జేస్తావులే అన్నా" అని నన్నే ఓదార్చింది.

అవే వివరాలు తన మాటల్లో మళ్లీ రాసి పంచితే ఎవరూ ఏమీ అనరని నాకు తెలుసు. అదీ చెప్పలేదు. చెబితే, ఇంత తెలిసినవాడివి సంతకం పెట్టేముందు ఎందుకు ఆలోచించలేదని అడుగుతుంది. కేసన్న మాటకు ఆమె ఉద్యోగం పోతుందని భయపడి ఊరుకుంది. ఆ బోర్ల నీళ్లు పిల్లలు మరికొన్నేళ్లు తాగారు.

ఆమె రిటైరైన రోజు సభలో నన్ను చూపించి, "నా వ్యాసం కోసం కంపెనీతో పోట్లాడినాడు మా అన్న" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి దణ్ణం పెట్టాను.

పోట్లాడలేదు. అడగనైనా లేదు. ఆమెకు ఈ మాట చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. మీకు చెప్పాను. క్షమించమని అడగను. నోరు తెరిచి చెప్పినందుకు మాత్రం, కొంచెం ఊపిరాడుతోంది.