అక్క కీళ్ళకు గొర్రెపాలు

అప్పట్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మనుషులు తెలియకనే తప్పుడు మాటలు మాట్లాడతారు, విడమరిచి చెబితే మానుకుంటారు అని. ఆత్మకూరులో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను మరి, ఆ మాత్రం అమాయకత్వం ఉండాలి. దాన్ని పోగొట్టిన పుణ్యాత్మురాలు మా అక్క అత్తగారు. వాళ్ళది ఉదయగిరి పక్కన పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. పెళ్ళైన రెండో ఏడు అక్క వేళ్ళ కణుపులు వాచాయి. తెల్లవారి లేస్తే పిడికిలి ముడుచుకోదు, చెంబు జారిపోతుంది. పొద్దెక్కేకొద్దీ సడలి, పనిలో పడుతుంది. అత్తగారికి ఈ ఒక్క ముక్క చాలు. "కసువు చిమ్మేప్పుడు వచ్చే నొప్పి సంగటి తినేప్పుడు యాడికి పోతాది? నాటకం గాకపోతే ఏంది?" అని వీధి వీధంతా వినేలా అడిగేది. ఉదయగిరి డాక్టరు నెల్లూరులో కీళ్ళ డాక్టరుకు చూపించమంటే చూపించనంది. పైగా ఆ నాటకం మానేదాకా పుట్టింట్లోనే ఉంచుకోండి, ఆదివారం తెచ్చి దింపేస్తానని మా నాయనకు కబురు పెట్టింది. (బావ లేడా అంటారేమో. ఉన్నాడు. గొర్రెల వెనకాల ఉన్నాడు.)

శనివారం కాలేజీ ఎగ్గొట్టి బస్సెక్కాను. ఒళ్ళు మండిపోతోంది. వెళ్ళీ వెళ్ళగానే కాగితం మీద గుండ్రంగా కణం బొమ్మ గీసి మొదలుపెట్టాను. "ప్రతి కణం పైపొర మీదా గుర్తులుంటాయి అత్తమ్మా. ఒంట్లో కాపలా కణాలు ఆ గుర్తులు తడిమి మనదా, పరాయిదా అని తేల్చుకుంటాయి. పరాయిదైతే రసాయనాలు వదిలి తక్కినవాటికి కబురు చేస్తాయి. అక్క ఒంట్లో ఆ లెక్క తప్పింది. సొంత కీలునే పరాయిదనుకుంటున్నాయి." ఆవిడ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. "పరీక్షలు దగ్గరికొచ్చినాయామ్మే? తలకు ఇంత ఆముదం పెట్టుకో, వేడి తగ్గతాది," అని లేచి దొడ్లోకి పోయింది.

వదులుతానా, వెనకే పోయాను. దొడ్లో ఒక గొర్రె తన పిల్లనే కుమ్మి తరుముతోంది. పుండుకని ముందురోజు పిల్లకు ఘాటు మందు పూశారట, దాని వాసన మారిపోయింది. "నీ కడుపున పుట్టిందే గదే, కనుక్కోలేవా?" అని ఆవిడ గొర్రెను తిడుతోంది. నాకు పట్టు దొరికినట్టయింది. "అక్క లోపలా ఇదే అత్తమ్మా. ఆ కాపలా కణాలు సొంతదాన్నే కుమ్ముతున్నాయి, ఇంకా నాలుగింటిని పిలిచి మరీ కుమ్ముతున్నాయి. రాత్రంతా కదలకపోతే కీలు బిగుసుకుంటాది, తిరిగితే సడలతాది. నాటకం కాదు." ఆవిడ పిల్లను ఎత్తి చంకన పెట్టుకుంది. "పొద్దస్తమానమూ కుమ్ముతా ఉండాయా?" అని మాత్రం అడిగింది. గెలిచాననుకొని హాయిగా నిద్రపోయాను.

తెల్లవారి చూస్తే అక్క పీట మీద కూర్చుని ఉంది. చేతులకూ మోకాళ్ళకూ గొర్రెపాలు, ఉప్పునీళ్ళు, చుట్టూ ఈగలు. తల్లి తోసేసిన పిల్లకు వాళ్ళిళ్ళలో చేసేది అదే. పాలూ ఉప్పూ పూస్తే తల్లి నాకి, తనదని ఒప్పుకుంటుంది. ఆవిడ అక్క వేళ్ళు ఒక్కొక్కటే రుద్దుతోంది. 

"ఇదేంది అత్తమ్మా, కుమ్మేవి లోపలుండాయి."

"లోపలికి పోవాలంటే తాగించాల్నా?"

నేను నోరు తెరిచేలోపు అక్క అంది, "ఊరుకోమే. ఆమె నా చేతులు పట్టుకొనింది ఈ పొద్దే." 

ఈగలు తోలుకుంటూ నవ్వుతోంది. నాకైతే ఏడుపొచ్చింది, కోపంతో. కోడలు ఏడాదిగా మొత్తుకుంటే నమ్మని మనిషి, గొర్రె కుమ్మితే ఒక్క పూటలో నమ్మింది.

పాలకు వాపు తగ్గలేదు. కానీ ఆదివారం అత్తగారితో కలిసి మేము ఎక్కింది పుట్టింటి బస్సు కాదు. ఆ రోజే నెల్లూరు పోయి, బంధువుల ఇంట్లో పడుకుని, సోమవారం డాక్టరు ముందు కూర్చున్నాం. ఎప్పటినుంచమ్మా అని ఆయన అడిగితే, అక్క కంటే ముందు అత్తగారు అందుకుంది. "కిందటి వానలప్పటినుంచి సార్. పొద్దన్నే చెంబు పట్టుకోలేదు. కసువు చిమ్మనూ లేదు. సంగటి పొద్దుకి సడలతాది. ముందు ఎడమచెయ్యి వాచింది, తర్వాత కుడిది. నేను చూస్తానే ఉండాను గదా." వీధిలో నేరాలుగా చదివిన జాబితా అంతా, ఒక్క ముక్క మారకుండా, అక్కడ జబ్బు లక్షణాలుగా మారింది. ఆయన రాసుకుంటూ తలెత్తి, "కోడల్ని ఇంత కనిపెట్టుకుని ఉండే అత్తను నేను చూడలేదమ్మా," అన్నాడు. ఆవిడ కొంగు సర్దుకుంది. నేను కుర్చీలోంచి సగం లేచాను. అక్క నా జడ పట్టుకుని కూర్చోబెట్టింది, ఆ వాచిన చేత్తోనే.

మందులు పనిచేశాయి. లోపలి కబుర్లు సద్దుమణిగాయి. ఈనాటికీ అక్క తన సంగటి తానే కెలుక్కుంటుంది, అత్తగారు పోయినప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చిందీ అక్కే. ఆ డాక్టరుకు నిజం చెప్పకుండా వచ్చేసినందుకు నాకు మాత్రం ఇప్పటికీ నాలుక దురద పెడుతుంది. అయినా ఆ కుర్చీలోంచి సగం లేచిన పిల్ల గుర్తొస్తే, పాపం, కాసేపు కూర్చోమ్మా అనిపిస్తుంది.