ఇనుప కడ్డీకి చెవి ఆనించి

అమ్మ పోయాక, పాన్‌గల్ దగ్గరి మా ఊరి ఇంటికి తాళం వేసి ఒక చిన్న పట్టణంలో గది అద్దెకు తీసుకున్నాను. ఆ పట్టణం పేరు చెప్పను. చెబితే అక్కడివాళ్లు నాతో కొట్లాటకు వస్తారు. ఐటీఐలో మా బ్యాచ్‌లో ప్లంబర్ పని నేర్చుకున్న ఆడపిల్లను నేనొక్కదాన్నే. మున్సిపాలిటీ నీళ్ల విభాగంలో ఏడాదికి అప్రెంటిస్‌గా తీసుకున్నారు.

మొదటిరోజే అక్కడి మగవాళ్లు నవ్వారు. "ఆడివిల్ల గీ వాల్వులు తిప్పుతదా?"

"తిప్పక నెత్తిన పెట్టుకుంటదా?" అన్నాను.

నా నోరు అలాంటిది. అందుకే అక్కడ ఎవరితోనూ స్నేహం కుదరలేదు. పొద్దంతా ఎవరో ఒకరితో వాదులాట, సాయంత్రం గది తలుపు తీస్తే పలకరించే ప్రాణి లేదు. ఆదివారాలైతే మరీ ఘోరం.

అందరూ చాచా అని పిలిచే ఒక్క పెద్దాయన మాత్రం నవ్వలేదు. అరవైకి దగ్గరపడిన మనిషి. ఎన్నో ఏళ్లుగా కాంట్రాక్టు మీదే వీధివీధికీ నీళ్లు వదులుతున్నాడు. ఉర్దూ బాగా చదువుతాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ అక్షరం ముక్క రాదు. ఆయన దగ్గర ఛాతీ ఎత్తు ఇనుప కడ్డీ ఒకటి ఉండేది. భూమిలో పైపు ఎక్కడో పగిలిందని అనుమానం వస్తే, బండ్లు తిరగకముందే పొద్దున్నే ఆ కడ్డీ ఒక కొసను పైపు మీద ఆనించి, రెండో కొసకు చెవి పెట్టేవాడు. నాకూ అదే నేర్పాడు.

"ఏమన్న ఇనొస్తుందా బిడ్డా?"

"ఏం లేదు చాచా."

"గట్లనే ఉండు. జర ఓపిక పట్టు."

నెలలు పట్టింది. నిండుగా పారే నీళ్ల చప్పుడు వేరు, చిల్లిలోంచి తోసుకొచ్చే నీళ్ల చప్పుడు వేరు. రెండోది సన్నగా బుసకొట్టినట్టు ఉంటుంది. అంతసేపు కదలకుండా వినే ఓపిక నీకు ఎక్కడిదని చాచా ఆశ్చర్యపోయేవాడు. మాట్లాడే మనిషి లేని గదిలో ఉండేదానికి వినడం ఒక కష్టమా?

ఎండాకాలం ఒక పాత వీధికి నీళ్లు ఆగిపోయాయి. రోడ్డు మూడుచోట్ల తవ్వినా చిల్లి దొరకలేదు. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో ఆఫీసు ముందు బైఠాయించారు. మర్నాడు పొద్దున చాచా వాల్వు తెరిచాక, నేను ఇంటింటి నల్లా పైపు మీద కడ్డీ ఆనించుకుంటూ పోయి, కిరాణా దుకాణం ముందు సుద్దముక్కతో గీత గీశాను. చాచా కూడా చెవిపెట్టి విని, తల ఊపాడు. అక్కడ తవ్వితే చిల్లి దొరికింది. ఆ సాయంత్రమే ఆ వీధికి నీళ్లు వచ్చాయి.

ఆగస్టు పదిహేనున నీకు ప్రశంసాపత్రం ఇస్తాం, ఇంటివాళ్లను ఇద్దరిని తీసుకురా అన్నారు ఆఫీసువాళ్లు. ఇంటివాళ్లు! ఎక్కడినుంచి తేను? చాచాను పట్టుకున్నాను.

"నువ్వు రావాలె చాచా. నాకింక ఎవరున్నరు?"

"గిన్నేండ్ల సంది నన్ను ఒక్కనాడు పిలువలే బిడ్డా. గిప్పుడు పిలవని పేరంటానికి పోయి కుర్సీల కూసోవాల్నా?"

"నేను పిలుస్తున్న కదా!"

"నువ్వు పరేషాన్ కాకు. నీళ్లిడిసే పనుంది నాకు."

నాకు ఒళ్లు మండింది. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఎంత తెలివితక్కువదాన్ని, నాకున్న ఒక్క మనిషి మీద అలిగాను.

సభలో నా పక్కన రెండు కుర్చీలూ ఖాళీగా ఉన్నాయి. పేరు పిలిచి శాలువా కప్పారు. ఎవరో నలుగురు చప్పట్లు కొట్టారు. ఫొటో తీస్తుంటే కూడా నేను గేటు వైపే చూశాను. చాచా రాలేదు. కిందికి దిగి పత్రం చదివితే, 'శిక్షణ ఇచ్చినవారు' అన్నచోట మా విభాగం పెద్దసారు పేరుంది. ఆయన ఆ కడ్డీని చేత్తో ముట్టింది లేదు. సొమ్మొకడిది, సోకొకడిది.

"నాకు నేర్పింది చాచా కదా సార్?" అని ఆయన్నే అడిగాను.

"కాంట్రాక్టోళ్ల పేరు రాయరాదమ్మా" అన్నాడు.

శాలువా చంకలో పెట్టుకుని నేరుగా చాచా దగ్గరికి పోయాను. చివరి వీధికి వాల్వు తెరిచి గట్టుమీద కూర్చున్నాడు. నన్ను చూసి చేతులు కడుక్కుని, తువ్వాలకు రెండుసార్లు తుడుచుకున్నాడు. అయినా నేను చాపిన కాగితం ముట్టుకోలేదు.

"సదువు, నేనింట."

చదివాను. ఆ వరుస దగ్గరికి వచ్చేసరికి పెద్దసారు పేరు మింగేసి, చాచా పేరు చదివాను. గొంతు తడబడకుండానే చదివాననుకున్నాను. చాచా తల వంచి, కడ్డీకి చెవి పెట్టినప్పుడు ఎలా ఉంటాడో అలాగే కదలకుండా ఉన్నాడు.

"మల్లొక్కపారి సదువు."

మళ్లీ చదివాను.

"గాడ నా పేరు లేదు గదా బిడ్డా."

ఎవరికైనా ఎదురుచెప్పేదాన్ని, ఆ గట్టుమీదే కూర్చుని ఏడ్చాను.

"పోనీ తియ్" అన్నాడు. "నువ్వు సదివినవ్, నేను ఇన్న."

ఆ నెలతో నా ఏడాది అయిపోయింది. ఇప్పుడు గద్వాలలో ఇంకో గది, ఇంకో పని. ఆదివారాలు ఆ పత్రం తీసి పైకి చదువుకుంటాను. ఆ వరుసలో ఇప్పటికీ చాచా పేరే చదువుతాను. గాడ నా పేరు లేదు గదా అనేవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు.