చెంచమ్మ సొంత ఓటు

పేరాల చేనేత వీధుల్లో చెంచమ్మ ఎవరని అడిగితే, అచ్చు అతికే ముసలమ్మేగా అంటారు. అచ్చు అతకడమంటే, మగ్గం మీద నిలువు పోగులు, అదే పడుగు, అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగు పోగుల్ని పాతవాటి కొసలకి ఒక్కొక్కటే కలిపి మెలిపెట్టడం. వేల పోగులు. ఒక్కటి తప్పినా చీర పొడవునా గీత పడుతుంది. ఎనభై ఆరేళ్ళ మనిషి కళ్ళజోడు నుదుటి మీదికి తోసేసి, వేళ్ళకి బూడిద రాసుకుని ఆ పని చేస్తుంటే నలభై ఏళ్ళవాళ్ళు పక్కన కూర్చుని చూస్తారు. ఆవిడ ఎవరినీ మెచ్చుకోదు. తనని మెచ్చుకుంటే విసుక్కుంటుంది.

ఇంత పనిమంతురాలిని ఇంట్లో మాత్రం ఏ విషయంలోనూ నీ ఉద్దేశమేంటని అడిగే అలవాటు ఎవరికీ లేదు. రేపల్లె వైపు నుంచి పదిహేనో ఏట ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. పంతొమ్మిది నిండేసరికి ఇద్దరు పిల్లల తల్లి, మగ్గం మీద మొగుడితో సమానంగా నేసేది. ఆ రోజుల్లో ఓటుకి ఇరవై ఒక్క ఏళ్ళు నిండాలి. పేర్లు రాసుకోవడానికి వచ్చిన గుమాస్తా ఒళ్ళో బిడ్డతో ఉన్న ఆవిడని చూసి, ఈ పిల్లకి ఇంకా వయసు రాలేదని చెప్పి పక్కింటికి వెళ్ళిపోయాడట. ఆ మాట ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు.

వయసొచ్చాక మాత్రం ఒరిగిందేముంది? ఓటు రోజు పొద్దున్నే మొగుడు ఫలానా గుర్తు అని చెప్పేవాడు, ఆవిడ దాని మీద ముద్ర గుద్ది వచ్చేది. మొగుడు పోయాక ఆ చెప్పే పని కొడుకు అంకారావు అందుకున్నాడు. ముద్ర పోయి మీట వచ్చింది, అంతే తేడా. తెర వెనక ఎవరు చూడొచ్చారు, ఇష్టమొచ్చినట్టు వెయ్యొచ్చు కదా అని మీరనొచ్చు. ఆ ధైర్యం రావడానికి ఆవిడకి ఎనభై ఆరేళ్ళు పట్టింది. కొందరికి ఎప్పటికీ రాదు, వాళ్ళని నేను తప్పుపట్టను.

ఆ ధైర్యం తెప్పించింది మనవరాలు అనుపమ. ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. పద్దెనిమిది నిండడానికి ఇంకా రెండు నెలలు. ఆ రెండు నెలల తేడాతో ఈసారి ఎన్నికల్లో తనకి ఓటు లేకుండా పోయిందని వారం రోజులుగా ఇల్లంతా సాధిస్తోంది. ఒకరోజు పొద్దున టిఫిన్ తింటూ, కింద పద్దెనిమిది అని గీత గీసినవాళ్ళు పైన ఎనభై అని ఇంకో గీత ఎందుకు గీయలేదని తండ్రిని అడిగింది. రేపు వచ్చే ఉద్యోగాలూ ఫీజులూ అన్నీ మా వయసు వాళ్ళవైతే, ఓట్లు మాత్రం ముసలివాళ్ళవా అంది. అంకారావు నవ్వి, నువ్వన్నదీ నిజమేనన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది.

"నాయనమ్మది అసలు ఓటేంటి నాన్నా? నువ్వు చెప్పినదానికేగా వేస్తుంది."

చెంచమ్మ చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది. అబద్ధమైతే కసురుకునేది. నిజం కాబట్టి గుండెల్లో గుచ్చుకుంది. కాసేపటికి చెయ్యి కడుక్కుని వచ్చి మనవరాలి ఎదురుగా కూర్చుంది.

"అప్పుడేమో చిన్నపిల్లనన్నారు. ఇప్పుడు నువ్వు ముసలిదాన్నంటున్నావు. మధ్యలో అరవై ఏళ్ళున్నాయి కదే, అప్పుడైనా నన్నెవరూ అడగలేదు. నీకు రెండు నెలలాగితే వస్తుంది. నాది పీకేస్తే మళ్ళీ వస్తుందా?"

చెంచమ్మ కొడుకు వైపు తిరిగి, ఈసారి పోలింగు జరిగే బడికి నడిచి వెళ్ళి తన ఓటు తానే వేస్తానని, ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదని అంది.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. నెల కిందట అంకారావు ఏదో కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే, పింఛను కాగితమనుకుని ఆవిడ పెట్టేసింది. ఎనభై అయిదు దాటినవాళ్ళకి ఇంటికే వచ్చి ఓటు వేయించుకునే ఏర్పాటుకి దరఖాస్తు అది. కిందటిసారి వరసలో నిలబడి ఎండకి కళ్ళు తిరిగి పడబోయింది, అందుకే పెట్టించానన్నాడు కొడుకు. అది నిజమే. అయితే ఇంకో నిజం కూడా ఉంది. మా ఇంట్లో మూడు ఓట్లూ మీవేనని వీధి నాయకుడు శ్యాంప్రసాద్‌కి అతను అప్పటికే మాటిచ్చేశాడు. తల్లి ఇంట్లోనే ఓటేస్తే మాట తప్పే భయం ఉండదు.

చెంచమ్మ ఆ ఎండలోనే ఓటర్ల జాబితా చూసే ఆయన ఇంటికి వెళ్ళింది. ఆయన మర్యాదగానే చెప్పాడు. పేరు పక్కన గుర్తు పడిపోయిందట, ఇక బడిలో వేయనివ్వరట. ఇంటికి వచ్చినప్పుడు వేయాల్సిందే, రెండుసార్లు వస్తారు, రెండుసార్లూ దొరక్కపోతే ఈసారికి ఓటు లేనట్టే. ఆవిడ ఇంటికొచ్చి రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. బాధపడిందని అనుకునేరు, కాదు. ఆలోచిస్తోంది.

వాళ్ళ ఇల్లు ఒక్కటే పొడుగాటి గది. ఒక కొసన గోడ పక్కన గుంట మగ్గం, రెండో కొసన పొయ్యి, మధ్యలో మంచాలు. ఈ మూల దగ్గితే ఆ మూల వినిపిస్తుంది. అలాంటి ఇంట్లో ఎక్కడ కూర్చుని ఓటేసినా భుజం మీంచి తొంగిచూసే చోటు కొడుక్కి ఉంటుంది. మాట అనడు, చెయ్యి పట్టుకోడు, ఊరికే వెనక నిలబడతాడు. ఆ నిలబడడం చాలు. అరవై ఏళ్ళుగా ఆవిడ వెనక ఎవరో ఒకరు అలా నిలబడుతూనే ఉన్నారు.

చెప్పిన రోజున పొద్దున పదింటికి వాళ్ళు వచ్చారు. బాపట్ల నుంచి వచ్చిన బృందానికి పెద్ద శ్రీలక్ష్మి, పిట్టలవానిపాలెంలో టీచరు. వెంట ఇద్దరు ఉద్యోగులు, ఒక పోలీసు, వీడియో తీసే మనిషి. కోడలు కనకమహాలక్ష్మి మగ్గం మీద నేస్తున్నదల్లా చెయ్యాపింది. శ్రీలక్ష్మి కార్డు చూసి, పేరు సరిచూసుకుని, మంచం మీద అట్టతెర నిలబెట్టబోయింది. అంకారావు ముందుకొచ్చాడు.

"మా అమ్మకి చూపు ఆనదండి. నేను పక్కనుండి సాయం చేస్తాను."

శ్రీలక్ష్మి చెంచమ్మ వైపు చూసి, సాయం కావాలా మామ్మగారూ అని అడిగింది. ఆ ఇంట్లో ఆవిడని ఒకరు అలా అడగడం ఎన్నేళ్ళకో.

"వద్దమ్మా. వేల పోగులు అతుకుతున్నాను ఈ కళ్ళతోనే. నూలు కట్టలకి చుట్టొచ్చే పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. నాకు సాయం వద్దు, చోటు కావాలి."

మంచం మీద కాదని, మగ్గంలో కూర్చుని వేస్తానని చెప్పింది. వచ్చినవాళ్ళు మొహాలు చూసుకున్నారు. ఆవిడ చూపించింది. నేసే మనిషి గుంటలోకి కాళ్ళు వేలాడేసి, గోడకి వీపు పెట్టి కూర్చుంటుంది. ముందు నేసిన బట్ట బిగించిన కర్ర, దాని అవతల పడుగు. వెనక మనిషి నిలబడడానికి జానెడు చోటు కూడా లేదు, గోడే. శ్రీలక్ష్మి ఒక్క క్షణం చూసి, అట్టతెర తీసి మగ్గం మీద పెట్టించింది.

"ఓటు రహస్యంగా వేయించడమే మా పనండి. మీరంతా కాసేపు బయటికి వెళ్ళండి," అని అంకారావుతో అంది.

అతను కదలడానికి కొంచెం సేపు పట్టింది. ఈలోగా కనకమహాలక్ష్మి గుంటలోంచి పైకి వచ్చి, అత్తగారి జబ్బ పట్టుకుని నెమ్మదిగా కూర్చోబెట్టింది. పాదాల కింద తొక్కుడు పలకలు తగిలాయి. కోడలు నోరు విప్పి ఒక మాట అనగా ఆ ఇంట్లో ఎవరూ పెద్దగా వినలేదు. కొంగుతో చెయ్యి తుడుచుకుని, అనుపమని తీసుకుని వాకిట్లోకి నడిచింది.

చెంచమ్మ అసెంబ్లీకొకటి, పార్లమెంటుకొకటి ఇచ్చిన రెండు ఓటు కాగితాలూ బట్ట మీద పరుచుకుంది. పేర్లు ఒక్కొక్కటే వేలు పెట్టి చదివింది, పై నుంచి కింది దాకా, మళ్ళీ కింద నుంచి పైకి. ఉద్యోగుల్లో ఒకాయన వాచీ చూసుకున్నాడు. చూసుకోనీ. పెన్ను చేతిలోకి తీసుకుంది. పోగు అతికేటప్పుడు చేసినట్టే మోచెయ్యి కర్రకి ఆనించి ఊపిరి బిగబట్టింది. గుర్తు పెట్టింది. రెండో కాగితం మీదా పెట్టింది. కవర్లో పెట్టి తానే నాలుకతో తడిపి అంటించి, కోపంతో ఒకటి గుద్దినట్టుగా అరచేత్తో నొక్కింది. ఆ కోపం ఎవరి మీదో ఆవిడకే తెలియదు. సంతోషం మాత్రం మొహం మీద దాగలేదు.

వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. అంకారావు గుమ్మంలో నిలబడి, అడగాలా వద్దా అన్నట్టు తల్లిని చూశాడు. అడగలేదు. అనుపమ మాత్రం మగ్గం దగ్గర చతికిలబడి, ఎవరికి వేశావు నాయనమ్మా అని గుసగుసగా అడిగింది.

"చెప్పను. రెండు నెలలాగాక నీకొస్తుందిగా, నువ్వూ నాకు చెప్పొద్దు."

పిల్ల మొదట మొహం ముడుచుకుని, తర్వాత నవ్వింది. పైన గీత గీయాలన్న మాట ఆ తర్వాత మళ్ళీ ఎత్తలేదు. కిందది మాత్రం ఇంకొంచెం కిందకి జరపాలని ఇప్పటికీ వాదిస్తూనే ఉంది. ఆ విషయంలో నాయనమ్మ దాని పక్షమే.

మధ్యాహ్నం భోజనాల వేళకి శ్యాంప్రసాద్ ఫోన్ చేశాడు. ముసలమ్మగారిది అయిపోయిందటగా, మూడూ మనవేగా అని అడిగాడు. అంకారావు ఫోన్ చెవికి పెట్టుకుని తల్లి వైపు చూశాడు. ఆవిడ పెరుగన్నం కలుపుకుంటోంది, తలెత్తలేదు.

"రెండు రాసుకోండి. మా అమ్మది నాకు తెలియదండి," అన్నాడు అతను, చివరికి.

పొయ్యి దగ్గర కూర వడ్డిస్తున్న కనకమహాలక్ష్మి గరిటె గిన్నెలో పెట్టింది.

"ఒకటి రాసుకోమనండి," అంది.