సైకిలు దిగని మా అత్త

మా మేనత్త చనిపోయిందని పోయిన నెల నంద్యాల నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. పెద్ద వయసు, చాలాకాలంగా మంచంలోనే ఉంది, ఎవరికీ ఆశ్చర్యం లేదు. నాకు ఆశ్చర్యం కలిగింది మరునాడు చర్చిలో. పాస్టరుగారు కొత్తగా వచ్చినాయన. పాపం, ఎవరో చెప్పింది నమ్మి, "ఈ తల్లి సాత్వికురాలు, అణకువ గలది, ఒకరికి ఎదురుచెప్పి ఎరగదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడబోతే మా తమ్ముడు చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టాడు. శవపెట్టె ముందు గొడవెందుకని ఊరుకున్నాను గానీ, ఆ మాటను అట్లాగే వదిలేస్తే మా అత్త నన్ను క్షమించదు. అందుకే ఇది రాస్తున్నాను. మా అత్త అణకువ గల మనిషి కాదు. కాదు కాబట్టే నేను చదువుకున్నాను.

అత్త మా నాయనకు అక్క. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య కాలవ పక్కన మా ఊరు, ఊరి చివర మా పేట. పెళ్ళయిన కొన్నాళ్ళకే భర్త పోతే అత్త పుట్టింటికి వచ్చేసింది. ఏడుస్తూ కూర్చోకుండా టీచరు ట్రైనింగు చదివి, ఆళ్లగడ్డలో ఒక చిన్న బడిలో చేరింది. డెబ్భైల నడిమిలో నేను ఐదో తరగతి పూర్తి చేశాను. ఆరోది చదవాలంటే ఆళ్లగడ్డ హైస్కూలుకు పోవాల్సిందే. అంతకుముందు మా పేట ఆడపిల్లలెవరూ ఆరో తరగతి గడప తొక్కలేదు.

పోవడానికి దారులు లేక కాదు. రోడ్డుంది. దాని మీద బండల లారీలు దుమ్ము లేపుకుంటూ మీదికొచ్చేవి, బస్సు ఆగితే ఆగేది, లేకపోతే లేదు. పొలాల్లో బండ్లబాట ఉంది. అదంతా నల్లరేగడి. చినుకు పడిందంటే చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య మట్టి బిగుసుకుపోయి, సైకిలు మనల్ని మోసేది పోయి మనమే సైకిలును మోయాల్సి వచ్చేది. ఇక మిగిలింది కాలవ గట్టు. కాలవ ఆఫీసర్ల జీపు కోసమని దాని మీద ఎర్రటి కంకర గరుసు తోలించారు. ఆ జీపు ఎప్పుడో గానీ వచ్చేది కాదు. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క వరి, చక్రాల కింద కరకరమనే గరుసు తప్ప ఇంకే చప్పుడూ ఉండేది కాదు. నేను తర్వాత చాలా ఊళ్ళు తిరిగాను. అంత మంచి దారి మళ్ళీ చూడలేదు.

అయితే మా అత్త గట్టు పట్టడానికి అసలు కారణం లారీలూ కాదు, రేగడీ కాదు. రోడ్డెక్కాలంటే ఊరి నడివీధి దాటాలి, ఆ వీధిలో మా పేటవాళ్ళు సైకిలు తొక్కకూడదు. పెద్దిళ్ళు కనబడగానే దిగి, సైకిలును నడిపించుకుంటూ ఆ ఇళ్ళన్నీ దాటి, మలుపు తిరిగాక ఎక్కాలి. ఎక్కడా రాసిపెట్టి లేదు, కానీ అందరికీ తెలుసు. మా నాయన దిగేవాడు. అత్త మాత్రం వీధి వంక చూడకుండా పేట వెనకనుంచి నేరుగా గట్టెక్కి తొక్కుకుంటూ పోయేది.

"ఈ గట్టు సర్కారుది. సర్కారు నన్ను దిగమనలా" అనేది.

ఆ ఎండాకాలం కాలవ ఎండినప్పుడు నాకూ ఇంకో ముగ్గురు ఆడపిల్లలకూ సైకిలు నేర్పింది. ఎక్కడినుంచో రెండు పాత సైకిళ్ళు సంపాదించింది. మాకు సీటు అందేది కాదు, కడ్డీ కిందినుంచి కాలు దూర్చి తొక్కేవాళ్ళం. పడితే వచ్చి లేపే రకం కాదు. "చక్రాన్ని చూడాకు మే! యాడికి పోవల్లనో ఆడికి చూడు" అని గట్టు మీదినుంచే అరిచేది. నాకు తర్వాత చాలామంది చాలా బుద్ధులు చెప్పారు. పనికొచ్చింది ఇదొక్కటే.

బడి తెరిచాక రోజూ ముందు అత్త, వెనక మేము. చీర కుచ్చిళ్ళు పైకి దోపి పిన్ను పెట్టుకునేది. దారంతా గొంతెత్తి పాటలు పాడేది. ఆ పాటకు కాలవలో కొంగలు లేచిపోయేవి. పొద్దుటి ప్రార్థన కూడా తొక్కుతూనే చేసేది. "కండ్లు మూసుకోవల్ల గదత్తా?" అని అడిగితే, "మూసుకుంటే కాలవలో పడతాం. దేవునికి ఆ మాత్రం తెలీదా?" అంది.

గట్టు వెంట కొంత మేర ఊరి మోతుబరి పొలం. ఆయన మరీ దుర్మార్గుడేం కాదు. మా పేటలో ఎవరికైనా జబ్బు చేస్తే ఎడ్లబండి కట్టించి నంద్యాలకు పంపేవాడు. కానీ మా పేట ఆడపిల్లలు ఆయన పైరు పక్కనే, ఆయన తల కంటే ఎత్తున, సైకిళ్ళ మీద నవ్వుకుంటూ పోవడం ఆయనకు మింగుడు పడలేదు. ఒకరోజు గట్టు మీద అడ్డంగా తుమ్మకంప వేయించాడు. పక్కనే నిలబడ్డాడు కూడా.

"ఏం టీచరమ్మా, యాడికి ఈ దండు?"

"బడికప్పా."

ఊళ్ళో మావాళ్ళందరూ ఆయన్ని సామీ అనేవాళ్ళు. అత్త ఒక్కతే, సాటి మనిషిని పిలిచినట్టు, అప్పా అనేది. ఆయనకు అది చెవిలో ముల్లులా ఉండేదని మాకు ముఖం చూస్తేనే తెలిసేది.

"గొడ్లు పడతాండాయని కంప ఏయించినా. దిగి, సైకిళ్ళు ఎత్తుకొని పోండి."

"గొడ్లకు ఏసిన కంపకు మేమెందుకు దిగల్ల?" అని అత్త సైకిలు తిప్పింది. ఆ పూట మాకు బడి లేకుండా పోయింది.

మరునాడు అత్త సైకిలు కడ్డీకి ఒక పంగలకర్ర కట్టి ఉంది. కంపను జరపడానికి మా వైపు ప్రతి ఇంట్లో ఉండే కర్రే అది, చివర రెండు కొమ్ములు చీలి ఉంటుంది. కంప దగ్గరికి రాగానే అత్త ఒక కాలు నేలకు ఆనించి, సీటు దిగకుండానే, ఆ పంగతో కంపను పక్కకు నెట్టింది. మేం దాటాం. తర్వాత తాను దాటి, వెనక్కి తిరిగి, మళ్ళీ అదే కర్రతో కంపను ఎక్కడిదక్కడ లాగింది. నాకు కోపమొచ్చింది.

"వాళ్ళు మనకు ఏస్తే, నువ్వు మళ్ళా సర్దుతావేందత్తా?"

"గొడ్లు నిజంగానే పడతాయి. ఆ పైరు మనల్నేమన్నా అనిందా?"

రెండేళ్ళు ఇట్లాగే జరిగింది. ఆయన కంప వేయించడం, అత్త తీయడం, మళ్ళీ వేయడం. పొలంలో కలుపు తీసే ఆడవాళ్ళు పని ఆపి చూసేవాళ్ళు. వాళ్ళు నవ్వుతున్నారని ఆయనకు తెలుసు. చివరికి ఓర్చుకోలేక, రైతన్నవాడెవడూ చేయకూడని పని చేశాడు. కాలవ నిండుగా పారుతున్న రోజుల్లో, సైకిలు దాటకుండా గట్టుకు అడ్డంగా మోకాలి లోతు కందకం తవ్వించాడు. కంపనైతే పంగలకర్రతో తీస్తుంది, గుంతను ఏం తీస్తుందని ఆయన ధీమా.

ఆ రాత్రి పెద్ద వాన. పొద్దున మేం పోయేసరికి కాలవ నీళ్ళు గట్టంచుకు వచ్చి, ఆ కందకంలోంచి ఆయన వరిలోకే దూకుతున్నాయి. గరుసు కొట్టుకుపోయి, రెండు పక్కలా మట్టి పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడుతోంది. ఇంకాసేపుంటే గండి.

అత్త సైకిలు దిగింది. ఆయన హద్దులో ఆమె దిగడం నేను చూసింది అదొక్కసారే.

నన్ను నంద్యాల వైపు లాకుల దగ్గరికి తరిమింది, కాలవ కాపలా చూసే లస్కరుకు చెప్పి తలుపులు దించమని. నేను వెనక్కి తిరిగి చూడకుండా తొక్కాను. తిరిగొచ్చేసరికి అత్త నడుములోతు నీళ్ళలో ఉంది. కలుపుకొచ్చిన ఆడవాళ్ళు పంగలకర్రలతో కంప తెచ్చి గండిలో తొక్కుతున్నారు, మా పిల్లలు దాని మీద మట్టి పోస్తున్నారు. కాసేపటికి కాలవ తగ్గింది. ఒక మడి పోయింది, మిగతా పొలం నిలబడింది.

మోతుబరి పరుగెత్తుకొచ్చాడు. అత్త చేతులనిండా ముళ్ళు, రక్తం.

"టీచరమ్మా, నా పంట నిలబెట్టినావు."

"నీ పంట కోసం కాదప్పా, మా దారి కోసం. గరుసు తోలించు."

అంతే అంది. చెయ్యి కడుక్కుని, తడిచీరతోనే బడికి పోదాం పదండంది. అప్పుడామెను చూస్తే నాకెంత గర్వమేసిందో ఈ రోజుకీ మాటల్లో పెట్టలేను. సాత్వికురాలట!

గరుసు తోలించాడు. గట్టు మునుపటి కంటే గట్టిగా తయారయింది. కానీ గొడ్ల బెడద ఉంది కదా, కంప మాత్రం మళ్ళీ పడింది. ఈసారి దానికి ఒక ఓరన సందు వదిలాడు. మనిషి దిగి, సైకిలును పక్కన నడిపించుకుంటూ పోయేంత సందు. ఆయన లెక్కలో అది పెద్ద ఔదార్యమే. మా నాయన కూడా, "అంత మనిషి తగ్గినాడు గదక్కా, నువ్వూ రవ్వంత తగ్గరాదా?" అన్నాడు. అత్త పొద్దున లేచి సైకిలు కడ్డీకి కట్టిన పంగలకర్ర విప్పి ఇంట్లో పెట్టేసింది.

కంప దగ్గర ఆయన నిలబడే ఉన్నాడు. అత్త సందు వైపు పోలేదు. గట్టు నడిమధ్యన ఆగి, ఒక కాలు నేలకు ఆనించి, బెల్లు కొట్టింది. ఆయన సందు చూపించాడు. అత్త మళ్ళీ బెల్లు కొట్టింది. మేం నలుగురం వెనక వరసగా ఆగిపోయాం. మడిలో ఆడవాళ్ళు నడుములెత్తి చూస్తున్నారు. ఆయన జీతగాడు కంప తీయబోతే, ఏమనుకున్నాడో, ఆయనే వాణ్ణి ఆగమన్నాడు. వంగి, తన చేత్తోనే కంప మొదలు పట్టుకుని పక్కకు లాగాడు.

అత్త పెడలు మీద కాలు పెట్టింది గానీ కదల్లేదు.

"ఇంగొంచెం పక్కకు లాగప్పా" అంది. "వెనకాల ఇంకా బిడ్డలు వస్తాండారు."