ఒక సైజు పెద్ద తూటా

మొన్న కార్ల్స్‌రూహె ట్రాములో ఇంటికి వస్తుంటే, పక్కన కూర్చున్న మా అమ్మాయి ఫోనులో ఏదో చూసి, కొత్తగా వేట లైసెన్సు పరీక్ష పాసైన తాను ఏ క్యాలిబర్, అంటే ఎంత లావు తూటా పట్టే తుపాకి కొనాలో తేలిపోయిందని చెప్పింది. రెండు స్టాపుల మధ్య తేలిపోయింది. అదే ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఒక చలికాలమంతా నేను లైబ్రరీలో కిటికీ పక్కన కూర్చోవడం గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద జర్మనీ వచ్చిన మన తరానికి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఏ ఇద్దరు తెలుగువాళ్లు కలిసినా ఆన్‌మెల్డుంగ్‌కు, అదే చిరునామా నమోదుకు, టెర్మిన్ అనే అపాయింట్‌మెంటు దొరికిందా, ఇల్లు దొరికిందా అన్నదే మాట. మాకు ఊరి చివర, అడవి అంచున దొరికింది. కింద ఇంటి యజమాని, పైన మేము. పెద్దాయన ఆ అడవిలో వేట హక్కును కౌలుకు తీసుకున్న మనిషి. ఆ కౌలు సరదా వ్యవహారం కాదు. నక్కలు పెరిగితే ఊళ్లో కోళ్లు మిగలవు, మన మేకపోతంత ఉండే ఇక్కడి చిన్న జింకలు పెరిగితే నాటిన ఓక్ మొక్కలు చెట్లు కావు, ఎవరికి ఏ నష్టం వచ్చినా కౌలుదారు గుమ్మం ముందే నిలబడతారు. ఆయనకు మోకాళ్లు సహకరించడం మానేశాయి. సాయానికి మనిషి కావాలి. నాకేమో పుస్తకం దొరికితే చాలు, అందులో ఏముందో తెలుసుకునేదాకా నిద్రపట్టదు. ఆయన మాటల్లో వేట పరీక్ష సంగతి విని, లైబ్రరీలో ఆ పుస్తకాలున్న అర మొత్తం, జర్మన్ నిఘంటువు పక్కన పెట్టుకుని చదివేసి, పరీక్ష పాసయ్యాను. కాకినాడలో ఉన్న మా అమ్మ జింక అన్న మాట వినగానే కొడుకును జైల్లో వేస్తారని బెంగపడి చర్చిలో ప్రార్థన పెట్టించింది.

అప్పుడు పెద్దాయన షరతు పెట్టాడు. నక్కకూ జింకకూ పనికొచ్చే తుపాకి ఒక్కటే, నా అంతట నేనే ఎంచుకోవాలి, ఆ ఎంపిక చూశాకే అడవిలో అడుగుపెట్టే అనుమతి ఇస్తాడట. ఆ అనుమతి మీద నాకెంత ఆశ ఉండేదో చెప్పలేను. ఆఫీసు, ఇల్లు తప్ప మరో చోటు లేని ఈ దేశంలో, ఇది కూడా నాదే అని చెప్పుకోదగ్గ నేల అదొక్కటే అనిపించింది.

మళ్లీ లైబ్రరీ. నక్కకు ఎంత సన్నని తూటా అయినా చాలు. ఆ చిన్న జింకకు, వంద మీటర్ల దూరాన తూటాలో ఇంకా వెయ్యి జౌల్స్ శక్తి మిగిలి ఉండాలని చట్టం. ట్రిపుల్ టూ అనే సన్నది ఈ రెండింటికీ సరిపోతుంది, చర్మమూ మాంసమూ పాడవవు. కానీ మొక్కజొన్న చేలోంచి అడవిపంది వస్తే దాన్ని వాడకూడదు, పందికి ఆరున్నర మిల్లీమీటర్లకు తగ్గని తూటా కావాలి. ఆపైన త్రీ నాట్ ఎయిట్ లాంటి గట్టివి ఉండనే ఉన్నాయి. ఇంట్లో ఇదంతా ఉపన్యాసంలా చెబుతుంటే, సెలవులకు పాడర్‌బోర్న్ నుంచి వచ్చిన మా బావమరిది, హెడ్ కానిస్టేబుల్ కొడుకు, మధ్యలో అందుకున్నాడు.

"ఇంత చదువెందుకు బావా, త్రీ నాట్ త్రీ దొరకదా? మా నాన్న దగ్గర అదే ఉండేది. నక్కకైనా అదే, ఎలక్షన్ బందోబస్తుకైనా అదే."

మా ఆవిడ మాత్రం కూరకు కాస్త మాంసం మిగిల్చే తుపాకి ఏదైనా సరేనంది.

చివరికి నేను త్రీ నాట్ ఎయిట్ అన్నాను. కారణం ఏ పుస్తకంలోనూ లేదు. బడి తెరిచే ముందు మా అమ్మ మాకు ఎప్పుడూ ఒక సైజు పెద్ద బూట్లే కొనేది, ముందు దూది కుక్కి, ఏడాది పోతే సరిపోతాయనేది. ఆ లెక్కన తుపాకి కూడా ఒక సైజు పెద్దదైతే రేపు దేనికైనా పనికొస్తుందనుకున్నాను.

పెద్దాయన అది విని, స్నేహితుడి దగ్గర అలాంటి తుపాకే అడిగి తెచ్చి, షూటింగ్ రేంజికి తీసుకెళ్లాడు. మొదటి దెబ్బకే భుజం అదిరింది. నాలుగైదు పేల్చాక, మళ్లీ తానే నింపి ఇచ్చాడు. గురి చూసి మీట నొక్కాను. పేలలేదు, టిక్కుమంది. మందు లేని ఉత్తి తూటా పెట్టాడు. పేలని తుపాకి చేతిలో ఉండగానే, దెబ్బకు భయపడి దాని గొట్టాన్ని నేనే జానెడు కిందికి దించేశాను. కళ్లు కూడా మూసుకున్నాను.

అడవి పోయిందనుకున్నాను. అయినా ఈ సంగతి చదివాను కదా, చెప్పకుండా ఉండలేకపోయాను. భుజం భయపడితే గురి తప్పుతుందని, గురి తప్పితే జింక గాయంతో పారిపోయి పొదల్లో బాధపడుతుందని, దీనికి విరుగుడు సన్నని తూటా, సాధన అని, పుస్తకంలో ఉన్నదంతా అప్పజెప్పాను. ఆయన తన పాత ఎనిమిది మిల్లీమీటర్ల తుపాకీ, తూటాలూ, ఆ సైజుదే ఉత్తి తూటా ఒకటీ నా చేతికిచ్చాడు.

"నాకూ పెట్టండి. ఎప్పుడు పెడతారో చెప్పకండి."

రెండోసారి నింపేటప్పుడు ఉత్తిది పెట్టాను. టిక్కుమంది. ఆయన తుపాకి కూడా నమస్కారం పెట్టినట్టు తల వంచింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని, పక్కవాళ్లు తిరిగి చూసేంతగా నవ్వాం. నవ్వు ఆగాక, ఆరున్నర తీసుకుంటానన్నాను. నక్కకు కాస్త ఎక్కువే, జింకకు సరిగ్గా, పందికి చట్టం ఒప్పుకునేంత, నా భుజానికి సుఖం.

"తీసుకో. శనివారం పొద్దున్నే రా, అడవి చూపిస్తాను," అన్నాడు. అద్దెకు దిగిన నాటి నుంచి మీరు అన్న మనిషి నువ్వు అన్నాడు. ఇక్కడ వేటగాళ్లు ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారని చదివాను, కానీ ఆ పిలుపు చెవిన పడితే ఎలా ఉంటుందో ఆ పుస్తకంలో రాయలేదు.

పెద్దాయన ఇప్పుడు లేడు. అప్పటి ఓక్ మొక్కలు నా తల దాటాయి. మా అమ్మాయికి ఫోను చెప్పింది కూడా ఆరున్నరే, తప్పు పట్టడానికేమీ లేదు. నేను ఒక చలికాలం తీసుకున్నది తనకు రెండు స్టాపుల్లో అందింది, సంతోషమే. అయితే ఫోను పక్కన నిలబడి, చెప్పాపెట్టకుండా ఉత్తి తూటా పెట్టి, తర్వాత కలిసి నవ్వదు కదా. అందుకే ఆయన ఆనాడు నాకిచ్చి వెనక్కి తీసుకోని ఆ ఉత్తి తూటాను సొరుగులోంచి తీసి కోటు జేబులో వేసుకున్నాను. కానీ ఆయన ఎనిమిది మిల్లీమీటర్లది మా అమ్మాయి కొనబోయే ఆరున్నరలో పట్టదు. శనివారం నా ఆరున్నరతో తనను షూటింగ్ రేంజికి తీసుకెళ్తున్నాను, ఆ లోపు సరైన సైజు ఉత్తి తూటా ఒకటి కొనాలి.