కల్లంలోంచి పలికిన హాజరు

మా అమ్మాయి బదులు ఆన్‌లైన్ క్లాసులో హాజరు పలికింది నేనే. ఆ సంగతి అప్పుడే చెప్పకుండా, సిగ్నల్ పోయిందన్నాను. సిగ్నల్ నిక్షేపంగా ఉంది. పోయింది నా ధైర్యం.

కరోనా తగ్గి కాలేజీలు మళ్ళీ తెరుస్తున్న రోజులవి. అద్దంకి దగ్గర మా పొలం. మిరప, కాస్త పత్తి. అమ్మాయి టౌన్లో డిగ్రీ చదువుతోంది. అప్పటిదాకా నాకు తెలిసిన చదువు ఒక్కటే: క్యారేజీ కట్టుకొని బస్సెక్కి వెళ్ళేది. తర్వాత ఫోన్లో చదువు వచ్చింది. దానికి బస్సు అక్కర్లేదు, క్యారేజీ అక్కర్లేదు. కూరలో ఉప్పు చాల్లేదని సాయంత్రం ఇంటికొచ్చి గొడవపడే అమ్మాయి, ఇప్పుడు తింటూనే గొడవపడేది. మూడోది హైబ్రిడ్. సగం మంది పిల్లలు క్లాసులో కూర్చుంటారు. మిగతా సగం ఇళ్ళల్లో ఉండి గోడమీది తెరలో కనబడతారు. వారానికోసారి వాళ్ళు వీళ్ళవుతారు. మాస్టారు ఒక్కరే, అటు చూసి కొంత, ఇటు చూసి కొంత చెప్పుకోవాలి.

ఇదంతా అమ్మాయి ఓపిగ్గా చెబితే, "అయితే ఆయనకి జీతం రెండింతలిస్తారా?" అని అడిగాను. ఇక నాకేదీ విడమరిచి చెప్పకూడదని అప్పుడే అనుకున్నట్టుంది.

మా ఇంట్లో సిగ్నల్ రాదు. మిరపకాయలు ఆరబోసిన కల్లంలో మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది. అందుకని అక్కడ మంచం వేసి, పైన పాత చీర కట్టి నీడ చేశాను. ఆ పక్కనే ఆడవాళ్ళు కూర్చుని, ఎర్రకాయల్లోంచి తెల్లబడిన తాలుకాయలు ఏరేవాళ్ళు. చేతులు కాయల్లో, చెవులు క్లాసులో. ఒకరోజు గిరాకీ, సరఫరా పాఠం మొత్తం విని, వాళ్ళలో పెద్దామె అంది:

"ధర ఎందుకు పడుద్దో చెప్తన్నాడు గానీ, ఎప్పుడు లేసుద్దో చెప్పడేందమ్మాయ్ మీ సారు?"

"అది సిలబస్‌లో లేదు పెద్దమ్మా."

"ఇంకేం చదువే అది!"

ఆ సారు మంచివాడే కానీ హాజరు దగ్గర మహా గట్టి. పాఠం మధ్యలో ఎప్పుడు పడితే అప్పుడు నంబర్లు పిలిచేవాడు. హాజరు తగ్గితే పరీక్ష రాయనివ్వరు. కల్లం సంగతి కనిపెట్టక ముందు ఇంట్లో సిగ్నల్ లేక అమ్మాయికి కొంత హాజరు పోయింది. ఇక ఒక్కటి కూడా పోకూడదని పట్టుదలగా ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. ఆరిన కాయ తడిస్తే ఏడాది కష్టం బూజు పడుతుంది. ఆడవాళ్ళు లేచి పరుగెత్తారు. నాకేమో నడుం పట్టేసి ఉంది. అమ్మాయి కెమెరా ఆపేసి ఫోన్ నా చేతిలో పెట్టింది.

"నువ్విది పట్టుకో నాన్నా, నేను ఆ చివర పట్టలు కప్పొస్తా. దేన్నీ నొక్కొద్దు!"

తను అలా వెళ్ళిందో లేదో, ఇలా నంబర్లు మొదలయ్యాయి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. గుంటూరు మిర్చి యార్డులో మన బస్తాల దగ్గర మనమే నిలబడి ఉండాలనేం లేదు. మనం టీకి వెళితే పక్క రైతు నిలబడతాడు. ఎవరైనా వచ్చి ఈ సరుకు తాలూకు ఆయన ఉన్నాడా అంటే, "ఉన్నాడండీ" అంటాడు. అది అబద్ధం కిందికి రాదు. సరుకు ఉంది, మనిషి దగ్గర్లోనే ఉన్నాడు. అలా నేను ఎంతమందికి పలికానో, నాకు ఎంతమంది పలికారో. కాలేజీ కూడా అంతేననుకున్నాను. అమ్మాయి నంబరు వినపడగానే, దేన్నీ నొక్కొద్దన్న మాట మరిచిపోయి, తను రోజూ నొక్కే మైకు బొమ్మ మీద నొక్కాను.

"ఉందండీ!" అన్నాను, యార్డులో అరిచే గొంతుతోనే.



"ఎవరది?" అన్నాడు సారు.

ఆయన గొంతు విన్నాక గానీ ఇది యార్డు కాదని నాకు తట్టలేదు. అమ్మాయి తండ్రినండీ అని ఆ క్షణంలో చెప్పేస్తే సరిపోయేది. కంగారులో అమ్మాయి నంబరే మళ్ళీ చెప్పాను.

"నువ్వేనా? గొంతు ఇలా ఉందేంటమ్మా?"

"జలుబండీ."

అంతలో గాలి తిరిగి మిరప ఘాటు ముక్కులోకి కొట్టింది. నా తుమ్ముకి చెట్టు మీది కాకులు లేచిపోతాయని మా ఆవిడ అంటూ ఉంటుంది. అది మైకులోంచి ఎలా వినపడిందో గానీ పిల్లలందరూ గొల్లుమన్నారు. నేను ఎర్ర బొత్తం నొక్కి ఫోన్ ఆర్పేశాను.

అమ్మాయి చెమటలు తుడుచుకుంటూ వచ్చింది. కాయలు భద్రం. "ఏమైంది నాన్నా?"

"సిగ్నల్ పోయిందమ్మా."

ఆ పై సోమవారం, వంతు మారి కాలేజీకి వెళ్ళిన అమ్మాయి ఏడుపు మొహంతో తిరిగొచ్చింది. ఎవడో కుర్రాడితో హాజరు పలికించావన్నాడట సారు. వచ్చేవారం మీ నాన్నని పంపు, అప్పటిదాకా నీ హాజరు వేసేది లేదన్నాడట.

"నీ దగ్గర సిగ్నల్ పోయినప్పుడే ఎవడో నా పేరుతో క్లాసులో దూరాడు నాన్నా!"

"దూరుంటాడమ్మా, ఆకతాయి వెధవ," అన్నాను. నన్ను నేను అంత సూటిగా తిట్టుకోవడం అదే మొదలు.

కల్లంలో నాకు దగ్గర్లో ఉన్న ఆడవాళ్ళు మాత్రం అంతా విన్నారు. అమ్మాయి కాలేజీకి వెళ్ళిన రోజుల్లో, అందరూ వచ్చారా అని నేను అడగడం ఆలస్యం, "ఉందండీ!" అని ఒక్కసారిగా అరిచి, ఆపైన తుమ్మేవాళ్ళు.

"ఏందయ్యా, జలుబు తగ్గిందా?" అనేది పెద్దామె. "ఆ పిల్ల నీ కాయల కోసం పోయి ఇరుక్కుంది. చెప్పవా, నన్ను చెప్పమంటావా?"

చెబుతాలే అంటూనే వారం గడిపేశాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని కాలేజీకి బయల్దేరాను. ఆ వారం అమ్మాయి తెరలో ఉండే వంతు. అంటే చదువుకునేదేమో కల్లంలో, నేనేమో క్లాసులో! గోడమీది తెరలో చిన్న చదరంలో తన మొహం, వెనక ఎర్రగా కాయల రాశి.

"ఈమె తరఫున ఎవరు పలికారో మీకేమైనా తెలుసాండీ?" సారు అడిగాడు.

నేను నోరు తెరిచే లోపే తెరలోంచి అమ్మాయి అంది: "మా నాన్నని అడగండి సార్. మా నాన్న అబద్ధం ఆడరు."

ఆ మాట తర్వాత ఇక సిగ్నల్ మీదికి నెట్టలేకపోయాను. "నేనేనండీ," అన్నాను. బెంచీల మీది పిల్లలు "అదే గొంతు సార్! జలుబు అంకుల్!" అని బల్లలు చరిచారు. సారు అరచేత్తో నోరు మూసుకున్నాడు గానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి. మబ్బు సంగతీ, యార్డు అలవాటూ అంతా చెప్పాను.

తెరలోంచి అమ్మాయి, "సార్, వినపడట్లేదు. మా నాన్న ఏమంటున్నారు?" అంది.

నేను మైకుకి దూరంగా నిలబడ్డానట. సారు నవ్వాపుకుని ఆ మైకు నా చేతికిచ్చాడు. "నాకు చెప్పింది చాలండీ. ఆ అమ్మాయికి చెప్పండి, హాజరు వేసేస్తాను."

ఇంట్లో, ఎదురెదురుగా, ఇద్దరమే ఉన్నప్పుడు చెప్పాల్సిన మాట అది. ఆలస్యం చేసినందుకు క్లాసు సగం ఇక్కడ, సగం అక్కడ వింటుండగా చెప్పాల్సి వచ్చింది. తెరలో అమ్మాయి వెనక పెద్దామె తల కూడా వచ్చి చేరింది. మైకు గట్టిగా పట్టుకున్నాను.

"అమ్మా, ఆ రోజు సిగ్నల్ పోలేదు. పలికింది నేనే, తుమ్మింది నేనే. నువ్వు నా కాయలు కాపాడుతుంటే నేను నీ హాజరు పోగొట్టాను. పైగా నువ్వు ఏడుస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. తప్పు నాదమ్మా. నన్ను క్షమించు."