మూడో విడత కాఫీ

విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల ఉత్సవం ఉందని, చూడటానికి రమ్మని పిలిచింది నా స్నేహితుడి కూతురు. ఆమె అక్కడే హాస్టల్లో ఉండి చదువుతోంది. నా స్నేహితుడిది సండూరు, అక్కడికి దూరంగా ఉన్న ఇనుప గనుల ఊరు. వాళ్లకు ఖనిజం లారీలున్నాయి. ఇద్దరం ఆయన కారులోనే వెళ్లాం. పత్రికలో ఉన్న రోజుల్లో ఇలాంటి సభలకు వెళితే, దీపం వెలిగించిన ఫొటో, ముఖ్య అతిథి మాటలు రెండు దొరకగానే బయటపడేవాణ్ణి. ఇప్పుడు ఆ తొందర లేదు. నచ్చిన చోట ఎంతసేపైనా నిలబడి చూడొచ్చు.

గేటు దగ్గరే ఆ పిల్ల తండ్రిని పట్టుకుంది. హాస్టల్లో తన గదిలో ఉండేది ఇథియోపియా అమ్మాయని, ఇక్కడ కాఫీ పెడుతోందని, ముందు ఆమె దగ్గరికే రావాలని చెప్పింది.

"వాళ్ల దేశంలో కాఫీ అంటే పక్కింటోళ్లు వచ్చి కూచోవల్లంట నాయినా. మూడు విడతలు తాగినంక లెయ్యల్లంట. ఆ పిల్లకి చదువు అయిపోతాండాది, ఇంకా ఈడ్నే ఉండి పరిశోధన చేస్తానంటే వాళ్లమ్మ వద్దంటాంది. ఆ ఊర్లో నీకెవురుండారు అంటాంది. ఈ పొద్దు ఫోన్లో అందర్నీ వాళ్లమ్మకి చూపిస్తానని చెప్పింది. నువ్వు మాత్రం నడాన లెయ్యొద్దు."

"ఒక కాఫీకి మూడుసార్లా? మనం ఓటల్లో బై టూ తాగేటోళ్లం కదమ్మా," అన్నాడు ఆయన.

షామియానా కింద నేల మీద పచ్చగడ్డి పరిచి ఉంది. తెల్లచీర లాంటి బట్ట కట్టుకుని, తల మీద అంచు కప్పుకుని ఆ అమ్మాయి చిన్న పీట మీద కూర్చుంది. ముందు బొగ్గుల కుంపటి. పెనంలో పచ్చి కాఫీ గింజలు వేయించి, పొగ వస్తున్న ఆ పెనాన్ని చుట్టూ తిప్పి చూపించింది. పక్కన ఇంకో మట్టి పాత్రలో సాంబ్రాణి వేసింది. నల్లటి కూజా, పిడి లేని చిన్న కప్పులు, పళ్లెంలో పేలాలు. గడ్డి ఎందుకని అడిగాను. ఇంటికి మనిషి వస్తున్నాడంటే నేల పచ్చగా ఉండాలట. పేలాలు ఎందుకని అడిగాను. కాఫీతో అవే తింటారట. ఇంకా అడగబోతుంటే నా స్నేహితుడు నా చెయ్యి గిల్లాడు.

అప్పుడు చూశాను. షామియానా బయట చెప్పులు వరసగా ఉన్నాయి. పల్లెల నుంచి పిల్లల్ని చూడటానికి వచ్చిన తల్లిదండ్రులు, ఆఫీసు సిబ్బంది లైనులో నిలబడ్డారు. సాంబ్రాణి పొగ, నిప్పు, గడ్డి చూసి వాళ్లంతా అది పూజ అనుకున్నారు. ఒక్కొక్కరే వచ్చి దండం పెట్టి, కప్పు వద్దని కుడి అరచెయ్యి చాపుతున్నారు. ఆ అమ్మాయి ఏం చేయాలో తోచక, ముందే కాచి పెట్టుకున్న కాఫీ, కాలకుండా చల్లారింది, కొంచెం పోస్తోంది. దాన్ని కళ్లకద్దుకుని, తాగి, తడి చేత్తో తల నిమురుకుని ముందుకు వెళ్లిపోతున్నారు. ఎంతో భక్తిగా వచ్చారు, ఒక్కరూ కూర్చోలేదు. పీట పక్కన నిలబెట్టిన ఫోన్లో ఆ అమ్మాయి తల్లి ముఖం కనిపిస్తోంది. ఆమె ఏదో అడిగింది. కూతురు తల వంచి ఇంకో అరచేతిలో కాఫీ పోసింది.

నా స్నేహితుడు చెప్పులు విడిచి గడ్డి మీద బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు. తర్వాత లైను వైపు తిరిగి, లారీల యార్డులో పిలిచినంత గట్టిగా పిలిచాడు.

"ఏమప్పా, యాడికి పోతాండారు? ఇది తీర్థం కాదు, కాఫీ. కూచోని తాగండి."

"పూజ కాదా?" అంది ముందున్న పెద్దావిడ.

"కాదమ్మా. ఈ పాప ఇంటికి వచ్చినామనుకో. నిలబడి తాగిపోతే బాగుంటాదా?"

"అట్లయితే ముందే చెప్పల్ల కదప్పా," అని ఆమె మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. ఆమె వెనక ఇంకొందరు. గడ్డి చాలక ఒకాయన తన కండువా పరుచుకున్నాడు.

వేయించిన గింజలు దంచి కొత్తగా కాచిన మొదటి విడత చిక్కగా, చేదుగా ఉంది. "పాలు లేవా?" అని ఎవరో గొణిగారు. రెండోసారి అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి కాచింది. ఆ మధ్యలో అవతలి వేదిక మీద బహుమతులు ఇస్తున్నట్టు మైకులో పిలిచారు. నా పక్కన ఇద్దరు కదిలారు. నా స్నేహితుడి ఫోను కూడా మోగింది. తోరణగల్లు దారిలో ఆయన లారీ ఒకటి ఆగిపోయిందట. ఆయన లేవడానికి ఒక చెయ్యి నేలకు ఆనించాడు. కూతురు ఆయన వైపు చూసింది. ఆయన మళ్లీ సర్దుకుని, "జాకీ పెట్టి చూసుకోండప్పా, నేను ఒకరింట్లో ఉండా," అని ఫోను జేబులో వేసుకున్నాడు. లేచిన ఇద్దరూ తిరిగి కూర్చున్నారు.

మూడో విడత పలచగా వచ్చింది. దానికి వాళ్ల భాషలో 'బరక' అని పేరట, దీవెన అని అర్థమట. అప్పుడు ఆ అమ్మాయి ఫోను చేతికి తీసుకుని మా ముఖాల మీదుగా నెమ్మదిగా తిప్పింది. అవతల తల్లి చాలాసేపు మాట్లాడింది. వీళ్లంతా నీ పక్కిళ్ల వాళ్లేనా అని అడుగుతోందట. ఇంగ్లీషులో ఆ మాట చెప్పి ఆ అమ్మాయి మా వంక చూసింది. స్నేహితుడి కూతురు దాన్ని తెలుగులో తండ్రికి చెప్పింది.

"అవునని చెప్పమ్మా," అన్నాడు ఆయన. "సండూరు యాడుండాదో ఆమెకేం తెలుసు?"

తల్లి తల ఊపింది. అక్కడే ఉండి చదువుకోమంది. కానీ ఆ పెద్దాయన ఇంటికి పోయి వస్తుండమని కూడా చెప్పిందట.

"రానీ, ఆదివారం రానీ, మనింట్లో కడుపునిండా ఊట చేసి పోతాది," అన్నాడు ఆయన, మనమంతా గుమ్మం దగ్గర అనే మాటలాగే.

కూతురు అది ఇంగ్లీషులో చెప్పగానే ఆ అమ్మాయి కప్పులు కడుగుతూ ఆగింది. ఆదివారం ఎన్ని గంటలకు రావాలి, ఏ బస్సు ఎక్కాలి అని అడిగింది. అది ఊరికే అన్న మాట కావచ్చని ఆమెకు తట్టనే లేదు. నా స్నేహితుడు ఒక్క క్షణం నా వైపు చూశాడు. తర్వాత ముందుకు జరిగి, తోరణగల్లు బస్సు ఎక్కడ ఆగుతుందో, సండూరులో ఎవరిల్లని అడగాలో వేళ్లతో గడ్డి మీద గీసి చూపించడం మొదలుపెట్టాడు.